అమ్మ అడిగిన దావ

మా ఊరు ఎర్రగుంట్లకు దగ్గర. మా ఎస్సీ కాలనీ శ్మశానం, వాగులాంటి వంకకు అవతల మిట్ట మీద ఉంది. అక్కడికి పోవడానికి రెండు చేల నడుమ బండి పట్టేంత దావ, వంక మీద చిన్న కల్వర్టు ఉండేవి. ఆ రెండు చేలూ ఒకే ఆసామి చేతికి వచ్చాక ఆయన అడ్డంగా నాపరాళ్ళు నాటించి, ఇనుపగేటు పెట్టి తాళం వేశాడు. దావ కూడా తన పట్టాలోదే అన్నాడు.

ఆ తర్వాత మొదట పోయింది మా చిన్నమ్మ. గేటు తీయమని మగవాళ్ళు అడిగితే తీయలేదు. పాడెను వంకలోకి దించారు. మా వంకలో ఏడాది పొడుగునా పారేది ఊరి మురుగే. తొడల దాకా బురద. ఆ రోజు సాయంత్రం అమ్మ అరుగు మీద కూర్చుని, చెల్లెలి కోసం ఏడవడం ఆపి అంది.

"బతికినన్నాళ్ళూ ఆ చేన్లోనే వంగి కలుపు తీస్తిమి. సచ్చినాక దాని పక్కన పోయేదానికి గూడా లేదా మనకు? నేను కోర్టుకు పోతా."

కేసు కాగితం మీద కాలనీలో ఇంకెవరూ వేలిముద్ర వేయలేదు. అందరికీ పని ఇచ్చేది ఆ ఆసామే. అమ్మ ఒక్కతే వేసింది. మా నాయన అప్పటికే లేడు. నేను కర్నూలులో టీచరుగా చేరి కొద్దికాలమే అయింది.

కేసు వేసిన నెలకే ఆసామి కాలనీ వాళ్ళను పనికి పిలవడం మానేశాడు. పక్క ఊరి నుంచి ఆటోల్లో కూలీలను తెప్పించుకున్నాడు. దాంతో కోపమంతా అమ్మ మీదికి మళ్ళింది. కొళాయి దగ్గర ఆమె వస్తే ఆడవాళ్ళు మాట ఆపేవారు. నాకు పెదనాయన వరసయ్యే కాలనీ పెద్దమనిషి, సచ్చినోళ్ళ దావ కోసం బతికినోళ్ళ కడుపు కొట్టినావని ముఖం మీదే అన్నాడు. అమ్మ నాపరాళ్ళ గనిలో రాళ్ళు మోసే పనికి కుదిరింది. వాయిదా ఉన్న రోజు పని మానుకుని కడప బస్సెక్కేది.

ఒక వాయిదాకు నేనూ వెళ్ళాను. ఆసామి తరఫు వకీలు అమ్మను, బతికున్న నీకు శ్మశానం దావతో ఏం పని అని అడిగాడు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. అమ్మ చేతులు కట్టుకునే, గొంతు పెంచకుండా చెప్పింది.

"నాకు పని పడే రోజుకు నేను అడగలేను గదా సామీ. అందుకే ఇప్పుడు అడుగుతాండా."

కొన్నేళ్ళకు తీర్పు మాకే వచ్చింది. ఆ దావ అందరిదీ, తెరవాలి అన్నారు. రెవెన్యూ వాళ్ళు వచ్చి కొలిచి గేటు పీకించారు. అమ్మ ఆ రోజు దావ చివరిదాకా ఊరికే నడిచి వెనక్కి వచ్చింది. కొన్ని వారాలకే గేటు మళ్ళీ లేచింది. పోలీసులు ఇది భూమి తగాదా, మాకు సంబంధం లేదన్నారు. తహసీల్దారు ఆఫీసులో చూస్తాం అన్నారు. చూస్తాం అంటూనే ఉండగా అమ్మకు గని దుమ్ముతో దగ్గు ముదిరింది. వానాకాలంలో పోయింది.

నేను తీర్పు కాగితం పట్టుకుని పాడె ముందు నడిచాను. గేటు ముందు దించాము. ఎస్సై వచ్చాడు. కాగితం చదివాడు, మడిచి ఇచ్చాడు. తీర్పు నిజమే కానీ ఇప్పుడు తాళం పగలగొడితే గొడవలవుతాయని, ఈ ఒక్కసారికి వంకలో పొమ్మని నెమ్మదిగానే చెప్పాడు. పై నుంచి తుంపర పడుతోంది. అమ్మ ముఖం మీద గొడుగు పట్టుకుని పొద్దు వాలేదాకా అక్కడే నిలబడ్డాము.

అప్పుడు ఆసామి వచ్చాడు. అమ్మకు దండం పెట్టాడు. అది నటన అని నేను ఇప్పటికీ అనలేను.

"ఈమె మా చేన్లో శానా కష్టపడిన మనిషి. ఈమె వరకు గేటు తీస్తా. కాకుంటే, ఇది మీ దావ కాదని, నేను దయదలిచి పోనిచ్చినానని రాసి సంతకాలు పెట్టండి."

పెదనాయన నా వైపు చూశాడు. అందరూ చూశారు. "పెట్టు పాపా," అన్నాడు. "మీ అమ్మను ఇంకెంతసేపు తడుపుతావు?"

పెట్టాలనిపించింది. కలం కూడా ఎవరో నా చేతిలో పెట్టారు. పెడితే అమ్మ కోరుకున్న దారిలోనే, పొడిగా, కల్వర్టు మీదుగా పోతుంది. కానీ ఆమె అన్నేళ్ళు కడప కోర్టు వరండాలో కూర్చుని తెచ్చుకున్న హక్కు ఆమె పాడెతోనే పోతుంది. నేను కలం తిరిగి ఇచ్చేశాను.

"వంకలోనే పోదాం పెదనాయనా," అన్నాను.

మోసేవాళ్ళు నన్ను తిట్టుకుంటూనే దిగారు. నేనూ దిగాను. నడుమలో ముందున్న మనిషి కాలు దిగబడి పాడె ఒరిగింది. మురుగు అమ్మ కాళ్ళకు తగిలింది. మిట్ట ఎక్కాక నా పైటతో ఆ పాదాలు తుడిచాను. వేళ్ళ సందుల్లో మట్టి పోలేదు. అప్పటికే చీకటి పడేట్టుందని తొందరపెట్టారు.

కేసులో అమ్మ పేరున్న చోట ఇప్పుడు నా పేరుంది. తీర్పును అమలు చేయించమని మళ్ళీ కోర్టుకు పోయాను. కర్నూలు నుంచి కడపకు వాయిదాలకు తిరుగుతున్నాను. గేటు అట్లాగే ఉంది.

ఈ మధ్య పెదనాయన భార్య పోయింది. నేను వెళ్ళేసరికి పాడెను వంకలోకి దించేశారు. నేనూ వెనకే దిగాను. గేటు తీయమని ఈసారి ఎవరూ అడగను కూడా లేదు. అంతా అయిపోయాక పెదనాయన ఒడ్డున కూర్చుని నన్ను పక్కకు పిలిచాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"ఆ పొద్దు నువ్వు సంతకం పెట్టింటే, మీ అమ్మ ఒక్కతయినా పొడికాళ్ళతో పోయుండేది గదా పాపా."

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఇద్దరి కాళ్ళకూ బురద ఎండిపోతూ ఉంది.