జవాబొచ్చిన ప్రార్థన

అతన్ని ఉరి తీశారన్న కబురు అందేసరికి నేను ఒక పెద్దాయనకు గుమ్మడికాయ గుజ్జు తినిపిస్తున్నాను. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో నేను నర్సుగా పనిచేసే వృద్ధాశ్రమంలో మధ్యాహ్నం పన్నెండింటికి భోజనాలు మొదలవుతాయి. మనుషులు చాలనప్పుడు నర్సులం కూడా చెంచా పట్టుకుంటాం. ఇండియాలో అప్పటికి తెల్లవారుతూ ఉంటుంది. జేబులో ఫోన్ రెండుసార్లు అదిరింది. మా ఆయన స్నేహితుడు పెట్టిన మెసేజ్. "అయిపోయింది వదినా. ఇందాకే ఉరి తీసేశారు." చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. పెద్దాయన నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించి, మూతి తుడిచి, ఎంత తిన్నాడో చార్టులో రాశాను.

పదకొండేళ్ళ కిందట మా ఊరి బజారులో బాంబు పెట్టినవాళ్ళలో అతనొకడు. న్యూజిలాండ్‌కి కాగితాలు పెట్టుకుంటున్న రోజులవి. మా రెండేళ్ళ పాపకు పాస్‌పోర్ట్ ఫొటోలు తీసుకొస్తానని మా ఆయన స్కూటర్ మీద వెళ్ళాడు. ఫొటోలు ఆయన చొక్కా జేబులో దొరికాయి. ఆయనకప్పుడు ముప్పై నాలుగు. మొన్న పేపర్లో వేసిన ఫొటోలో అతని గడ్డం నెరిసిపోయింది. అది చూసినప్పుడు ఒళ్ళు మండింది. ఇటీవల నాకు మండిందంటే అదొక్కటే.

నేను దయగల మనిషినని ఎవరైనా అనుకుంటే వాళ్ళ పొరపాటు. మొదటి రెండేళ్ళూ అతన్ని నా చేతులతోనే చంపాలనుకునేదాన్ని. ఎలా చంపాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను, నర్సులకు అలాంటివి బాగానే తెలుస్తాయి. ఇప్పటికీ అతని మీద నాకు జాలి లేదు. కానీ ఆ రోజు డ్యూటీ దిగి కార్లో కూర్చుని, వస్తుంది వస్తుంది అని చాలాసేపు ఎదురుచూశాను. ఏడుపో, సంతోషమో, ఏదో ఒకటి. ఏమీ రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, మనిషంతా అలా ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి మా అత్తయ్య వంటింట్లో బియ్యం కొలుస్తోంది. కొడుకు పోయాక ఆవిడకు నేనూ పాపా తప్ప ఎవరూ లేరు, అందుకే మాతో ఇక్కడికి వచ్చేసింది.

"అంకుల్ ఫోన్ చేశారమ్మాయ్. ఈ శనివారం కృతజ్ఞతా కూడిక మనింట్లోనే పెట్టుకుందామన్నారు. యాభై మందికి బిర్యానీ అంటే మేకమాంసం ఎంత తేవాలంటావ్?"

ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. అన్నేళ్ళలో ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. అందుకే వద్దనలేకపోయాను.

మా సహవాసం సంగతి చెప్పాలి. హామిల్టన్‌లో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలం శనివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. సగం మందిమి నర్సులమే, కనుక ఆ వారం ఎవరికి డ్యూటీ లేకపోతే వాళ్ళిల్లు. అంకుల్ మా సంఘపెద్ద. ఆయన దగ్గర ఒక నోటు పుస్తకం ఉంటుంది. అందులో ప్రార్థనాంశాలన్నీ వరసగా రాసి ఉంటాయి. ఒకరి రెసిడెన్సీ, ఒకరి డ్రైవింగ్ టెస్టు, ఒకరికి బిడ్డ, ఒకరి నాన్నగారి బైపాస్. ప్రతి శనివారం ఆయన ఒక్కో అంశం చదువుతారు, అందరూ ప్రార్థిస్తారు. జవాబు వస్తే ఆ ఇంటివాళ్ళు నిలబడి సాక్ష్యం చెప్పాలి, అందరికీ భోజనం పెట్టాలి. అప్పుడు అంకుల్ స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో ఆ అంశం కొట్టేస్తారు. ఆ గీత పడుతుంటే అందరూ స్తోత్రం అంటారు.

మా అంశం తొమ్మిదేళ్ళుగా ఆ పుస్తకంలో ఉంది. మేము వచ్చిన మొదటి వారమే అత్తయ్య రాయించింది. మా ఆయన పేరు, ఆయన్ని చంపినవాడికి ఉరి పడి న్యాయం జరగాలని. పుస్తకం నిండిపోతే అంకుల్ కొత్తది కొని, ముందుగా మాదే ఎక్కించేవారు. చుట్టూ వీసాలు, ఇళ్ళు, బిడ్డలు వచ్చి ఒక్కోదాని మీద ఎర్ర గీత పడుతూ ఉంటే మాది మాత్రం అలాగే కూర్చుంది. ఇక్కడ పుట్టి తెలుగు సరిగ్గా రాని పిల్లలు కూడా మా ఆయన పేరు మాత్రం తప్పు లేకుండా పలుకుతారు.

అంకుల్‌కి నేను కాదని చెప్పలేను. మేము వచ్చిన కొత్తల్లో నాకు కారు లేదు. నాలుగు నెలలు తెల్లవారకముందే వచ్చి నన్ను డ్యూటీలో దింపి, తన పనికి వెళ్ళారాయన. ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు. అయినా ఆ సాయంత్రం ఫోన్ చేసి నసిగాను.

"అంకుల్, ప్రార్థన చేసుకుందాం. సాక్ష్యం మాత్రం నావల్ల కాదేమో."

"ఎందుక్కాదమ్మా? తొమ్మిదేళ్ళు మోకాళ్ళ మీద అడిగాం. ఇచ్చాక థాంక్స్ చెప్పకపోతే ఎట్లా? నువ్వేం స్పీచ్ ఇవ్వక్కర్లేదు. రెండు మాటలు చాలు."

ఆయన లెక్కలో అది సరైన మాటే. అడిగింది మేమే.

అసలు గొడవ మా అమ్మాయితో వచ్చింది. దానికి పదమూడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. కోపమొస్తే మాత్రం నన్ను గుచ్చడానికి తెలుగే వాడుతుంది. బిర్యానీ ఎందుకో తెలియగానే నా గదిలోకి వచ్చింది.

"మమ్మీ, ఒక మనిషిని హ్యాంగ్ చేస్తే మనం పార్టీ ఇస్తున్నామా?"

"పార్టీ కాదు. కూడిక."

"ఫుడ్ ఉంది, సాంగ్స్ ఉన్నాయి. పార్టీయే కదా. ఇక్కడ అయితే లైఫ్ అంతా జైల్లో పెడతారు. ఎవరూ బిర్యానీ తినరు."

"పోయింది మీ నాన్న. ఆ సంగతి గుర్తుందా?"

"గుర్తులేదు," అంది. "నాకు ఏమీ గుర్తులేదు. నువ్వు స్తోత్రం అంటే నేను రూమ్‌లోంచి బయటికి రాను."

అది పొగరుగా అన్న మాట కాదు. రెండేళ్ళ పిల్లకు ఏం గుర్తుంటుంది? శనివారాలు వినే పేరు, గోడ మీది ఫొటో, అంతే దాని నాన్న. ఒక పక్క కొడుక్కి న్యాయం కోసం పదకొండేళ్ళు ఎదురుచూసిన ముసలావిడ, ఇంకో పక్క ఈ పిల్ల. ఎవరి మాట విన్నా రెండోవాళ్ళ మనసు విరుగుతుంది. నాకంటూ ఒక అభిప్రాయం ఉంటే అటే పోయేదాన్ని. అదే లేదు. ఊరి నుంచి వీడియోలు వస్తూనే ఉన్నాయి. ఆ బజారులోనే టపాకాయలు, డప్పులు, ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు లడ్డూలు పెట్టుకోవడం. వాళ్ళలో ఒక్కడు కూడా నాకు తెలిసినవాడు కాదు. పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని వెతికాను, కనిపించలేదు. ఆ లడ్డూలు తింటున్నది ఎవరి తరఫునో నాకు అర్థం కాలేదు.

శనివారం వచ్చింది. వానలో అందరూ గొడుగులతో దిగారు. హాల్లో సోఫాలు జరిపి చాపలు పరిచాం, వంటింట్లో బిర్యానీ దమ్ము మీద ఉంది. అత్తయ్య తెల్ల పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. పాటలు అయ్యాయి. అమ్మాయి గది తలుపు తీసి, గడప దగ్గరే నిలబడింది. అంకుల్ నా వైపు చూసి "సిస్టర్ సాక్ష్యం చెప్తారు," అన్నారు.

లేచాను. ఏం చెప్పాలో అప్పటికీ తేల్చుకోలేదు.

"తొమ్మిదేళ్ళు మీరందరూ మా కోసం ప్రార్థన చేశారు. సొంతవాళ్ళు కూడా అంత చెయ్యరు. ఆ మేలు మర్చిపోను. అతన్ని ఉరి తీశారు. నాకు సంతోషంగా లేదు. బాధగా కూడా లేదు. లేని సంతోషం ఉందని దేవుడి ముందు అబద్ధమాడలేను. ఆ ఉరి తీసినవాడి తల్లి ఇంకా బతికే ఉందంట, పేపర్లో చూశాను. ఆవిడ సంగతి కూడా నాకేం పట్టలేదు. ఇంతే చెప్పగలను. భోజనం చేసి వెళ్ళండి."

కూర్చున్నాను. అత్తయ్య నా వైపు చూడలేదు. లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి, "ప్రభువా నీకు స్తోత్రం, నా బిడ్డకు న్యాయం చేశావు," అని గట్టిగా అంది. నలుగురైదుగురు స్తోత్రం అన్నారు. ఆవిడ చేతులు మాత్రం అలాగే గాల్లో ఉండిపోయాయి. మా అమ్మాయి గడప దాటి వచ్చి, ఆ చేతులు పట్టుకుని కిందికి దించి, నాయనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి తనూ కిందే కూర్చుంది. అంకుల్ పుస్తకం తెరిచి, స్కేలు పెట్టి గీత గీశారు. బిర్యానీ బాగా కుదిరిందని అందరూ అన్నారు.

మరుసటి శనివారం కూడిక ఊరి అవతలి వైపు ఒకరింట్లో. అంకుల్ పుస్తకం తీశారు. ఎప్పుడూ మొదట వచ్చేది మా ఆయన పేరే. అలవాటుగా ఆ పేరు పలకబోయి ఆయన ఆగారు. ఆ పేరు అందుకోబోయిన పిల్లలు కూడా ఆగారు. తర్వాత ఎవరిదో డ్రైవింగ్ టెస్టు చదివారు, ఎవరిదో మోకాలి ఆపరేషన్ చదివారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పేరు ఎవరూ పలకలేదు. ఆమెన్ అన్నారు, టీ తాగాం.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అత్తయ్య ముందు సీట్లో కూర్చుంది. చాలాసేపు వైపర్ల వంక చూస్తూ ఉంది.

"మనవాడి పేరు చదవలేదేంటమ్మాయ్?"

"అయిపోయింది కదా అత్తయ్యా. కొట్టేశారుగా."

రెండు రౌండెబౌట్లు దాటాం. వెనక సీట్లో అమ్మాయి చెవుల్లోంచి పాటల వైర్లు తీసేసింది.

"చంపినవాడు చావాలని కాకుండా, ఎప్పటికీ తీరనిది ఇంకేదన్నా అడిగుండాల్సింది," అంది అత్తయ్య.