తాత్యా సంతకం కోసం తొమ్మిది రోజులు

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి ఉండే తెలివి ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. నాకైతే అప్పట్లో అది మరీ ఎక్కువగా ఉండేది. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో భూమి కాగితాలు తీసిచ్చే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికి ఎనిమిది నెలలే అయింది. అయినా ఈ జిల్లాలో ఏ ఇల్లు ఎవరిదో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదన్నట్టు నడిచేదాన్ని. పైగా లాల్‌పేట్‌లోని మా క్వార్టర్‌లో మరాఠీ గడగడా చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. (తెలుగు చదవడం, రాయడం ఆ తర్వాత పంతానికి పోయి నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ పంతం చలవే.)

మా బాపు ముప్పై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేసి ఆ ఏడే రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేయాలి, ఎక్కడో ఒకచోట ఇల్లు కొనుక్కోవాలి. ఆయనతో పాటు రిటైరైనవాళ్ళంతా ఊరవతల ప్లాట్లు చూసుకుంటుంటే, ఈయన ఒకనాడు అన్నం తింటూ తింటూ, "సముద్రం పక్కన కొందాం" అన్నాడు. మా అమ్మ పప్పు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ముప్పై ఏండ్లు భూమి కింద తిరిగిన. ఇగ నీళ్ళు చూస్కుంట కూసుంట" అన్నాడు బాపు. "నీళ్ళే చూడాల్నంటే మన ఇరై నది లేదా? ఆటో ఎక్కితే పావుగంట" అంది అమ్మ. "గదొక నదేనా. ఎండకాలం దాంట్ల నీళ్ళకంటె బర్రెలే ఎక్కువుంటయి" అన్నాడాయన. గనిలో ఆయనతో పనిచేసిన ఒక కొంకణ్ మనిషి, వాళ్ళ ఊళ్ళో రేవు పక్కన ఒక పెంకుటిల్లు అమ్మకానికి ఉందని చెప్పాడట. ఆ రోజు నుంచి బాపుకు వేరే ఇల్లు ఇల్లులా కనబడలేదు.

హోలీ వెళ్ళిన వారానికి ముగ్గురం బయలుదేరాం. దారిలో తినడానికి అమ్మ జొన్నరొట్టెలూ కారమూ కట్టుకుంది. నేను ఒక సంచి నిండా కాగితాలు కట్టుకున్నాను. రైల్లో బాపుకు పాఠం చెప్పాను. "ఇల్లు నచ్చినా నచ్చినట్టు కనబడొద్దు బాపు. గోడలు తట్టు, పెదవి విరువు, అంతే. మాట్లాడేది నేను." ఆయన బుద్ధిగా తలూపాడు. రెండో రోజు పొద్దున ఆ ఇంటి ముందు బస్సు దిగాం. ఎర్రరాయి గోడలు, ముందొక గది, వెనకొక గది, మధ్యలో వంటిల్లు. బాపు ముందు తలుపులోంచి లోపలికి వెళ్ళినవాడు ఎక్కడా ఆగకుండా వెనక తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు. అక్కడ నాలుగు మెట్లు, మెట్ల కింద నీళ్ళు, నీళ్ళమీద రంగురంగుల జెండాలు కట్టిన పడవలు. చివరి మెట్టుమీద కూర్చుని, "మస్తుంది. ఇదే తీస్కుందాం" అన్నాడు. ఇంటి యజమానురాలికి తెలుగు రాదు. కానీ బాపు మొహం చూశాక తెలుగు రావలసిన అవసరం ఎవరికి ఉంటుంది?

ఆవిడకు డెబ్బై ఏళ్ళుంటాయి. మరాఠీలో అవ్వ అన్నట్టు ఊరంతా ఆజీ అని పిలిచేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. ఆవిడ మాట్లాడే కొంకణ్ మరాఠీ నా పుస్తకాల మరాఠీకి సగం కూడా చిక్కలేదు. బడి మొహం చూడని మా అమ్మకు మాత్రం మొత్తం అర్థమైంది. ఆ ఉక్రోషంతో నేను కాగితాల మీద పడ్డాను. ఇల్లు ముగ్గురి పేరన ఉంది. ఆజీ ఉంది. పుణేలో ఉండే పెద్దకొడుకు అంగీకార పత్రం పంపాడు. "ఈ మూడో పేరు ఎవరిది?" అన్నాను, దొంగను పట్టుకున్న పోలీసులా. "మా చిన్నవాడు, తాత్యా" అంది ఆజీ. "ఎక్కడున్నాడు?" ఆవిడ చేతిలోని కొబ్బరిచిప్పతో సముద్రం వైపు చూపించింది. "ఎప్పుడొస్తాడు?" "ఐసు అయిపోతే వస్తాడు."

చేపలు పాడవకుండా పడవ నిండా ఐసు నింపుకుని పోతారట. అది కరిగిపోయేలోగా తిరిగొస్తారు. అంత దూరం పోయినవాళ్ళకు ఫోన్ కలవదు. నా ఎనిమిది నెలల అనుభవంలో తేదీ వేయవలసిన చోట ఐసు ఉన్న దస్తావేజు నేను చూడలేదు. "ఉండండి, నాలుగు రోజుల్లో వస్తాడు" అని ఆజీ మాకు ముందు గది ఇచ్చింది. నాలుగు రోజులు తొమ్మిదయ్యాయి.

ఆ తొమ్మిది రోజులూ నాకు తప్ప అందరికీ హాయిగా గడిచాయి. బాపు ఫస్ట్ షిఫ్ట్ టైముకే లేచి రేవుకు పోయి వలలు అల్లేవాళ్ళ మధ్య కూర్చునేవాడు. గనిలో తాళ్ళు ముడివేసిన చేయి కదా, ఐదో రోజుకల్లా ఆయన చేతికీ వలసూది వచ్చింది. గని బాబాయి అన్న అర్థంలో ఖాణ్‌వాలే కాకా అని పేరు కూడా పెట్టారు. మొదటి రోజు "ఛీ, గిదేం వాసన" అని ముక్కు మూసుకున్న అమ్మ, అదే ఐదో రోజుకు ఆజీ వంటింట్లో రుబ్బురోలు కిటికీ దగ్గరికి జరిపించి డబ్బాలన్నీ తన లెక్కన సర్దేసింది. ("రేపు మనదే గదనే" అనేది నేను కళ్ళురిమితే.) నేను మాత్రం ఆఫీసులో జ్వరమని చెప్పి వచ్చినదాన్ని. రోజూ సార్‌కు ఫోన్‌లో దగ్గి వినిపించేదాన్ని. ఒకనాడు ఖర్మ కాలి రేవు మీద ఉండగా ఆయన ఫోన్ చేశాడు. నా పక్కనే చేపల వేలం జోరుగా సాగుతోంది. ఆయన కాసేపు విని, "జ్వరమొచ్చినోళ్ళ ఇంట్ల పాప్లెట్ వేలం ఏస్తరా అమ్మా" అన్నాడు. దగ్గాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తాత్యా వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఉప్పూ ఎండా కలిసి నల్లబరిచిన మొహం. మమ్మల్ని చూసి ఎవరని కూడా అడగలేదు. స్నానం చేశాడు, తిన్నాడు, వెనక గదిలో పడుకున్నాడు. మర్నాడు సాయంత్రం దాకా లేవలేదు. నేను అంగీకార పత్రం నాలుగు కాపీలు, రెండు పెన్నులు, వేలిముద్రల సిరాపెట్టె పెట్టుకుని ఆ గది గుమ్మం ముందు కూర్చున్నాను. గురక పెట్టడంలో కూడా ఆ మనిషికి తొందర లేదు.

లేచాక విషయమంతా చెప్పాను. "ఏ ఇల్లు? ఎవరు అమ్ముతున్నారు?" అన్నాడు తాత్యా. నేను ఆజీ వైపు చూశాను. ఆవిడ చాయ గిన్నెలోకి చూస్తోంది. పెద్దకొడుకు తన వాటా తేల్చమని పోరుతుంటే ఒప్పుకుందట కానీ, చిన్నవాడికి చెప్పే ధైర్యం చాలలేదట. తాత్యా కాగితం తీసుకుని చివరిదాకా చదివాడు. తర్వాత, "అన్న సంతకం పెట్టాడా?" అన్నాడు. పెట్టాడన్నాను. పెన్ను కోసం చేయి చాపాడు. పది రోజుల్లో నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఆగు బిడ్డా" అన్నాడు బాపు వెనకనుంచి. "ఒక మాటడుగు ఆయన్ని. ఇల్లు పోయినంక, పడవ దిగి ఏడికి పోతవని అడుగు."

"గది మనకెందుకు బాపు?"

"అడుగమంటున్న గద."

అడిగాను. "పడవలోనే పడుకుంటాను. చాలామంది పడుకుంటారు" అన్నాడు తాత్యా. మామూలుగానే అన్నాడు. కానీ అంటూ ఒకసారి ఆ వెనక గది చుట్టూ చూశాడు. అది బాపు కూడా చూశాడు. లేచి వచ్చి, నా నాలుగు కాపీలూ మడిచి నా సంచిలోనే పెట్టేశాడు. "వద్దు. గనిలకెల్లి పైకొచ్చిన ప్రతిసారి ఇంటికే వచ్చిన. ఒక్కనాడు సుత గనిల పండలే. గాయన్ని పడవల పండబెట్టి నేనీడ చాయ తాగాల్నా?"

"తొమ్మిది దినాలాయె వంటిల్లు సర్దుతున్న. ఇప్పుడా చెప్పుడు?" అని అమ్మ మండిపడింది. మండిపడుతూనే అందరికంటే ముందు మూట కట్టింది. ఆజీ మాత్రం రుబ్బురోలును అమ్మ జరిపించిన చోటే ఉండనిచ్చి, రాత్రి వంటకు చేపలు కడగడం మొదలుపెట్టింది.

తిరుగు రైల్లో వార్ధా దాకా నేను బాపుతో మాట్లాడలేదు. పది రోజుల సెలవు పోయింది, సార్ దగ్గర పరువు పోయింది, ఇల్లు మాత్రం రాలేదు. ఆయన ఒక నారింజ కొని, తీరిగ్గా వలిచి, తొనలు నా ఒళ్ళో పెట్టాడు. "ఇంకెప్పుడూ నీతో ఇల్లు చూడటానికి రాను" అన్నాను. "సరే" అన్నాడు. అంతే, నాకు ఏడుపొచ్చేసింది. నిజం చెప్పాలంటే ఇల్లు పోయినందుకు కాదు. అచ్చుతప్పు ఒక్కటి లేకుండా రాసిన నా నాలుగు కాపీలను చూసి ఎవ్వరూ ఒక్క మంచిమాట అనలేదని.

తర్వాత చంద్రపూర్‌లోనే రెండు గదుల ఇల్లు కొన్నాం. కిటికీలోంచి చూస్తే కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడతాయి. ఇంట్లో వాటాకు బదులు ఆజీకున్న కొబ్బరితోట తన పేరన రాయించుకుని పెద్దకొడుకు ఊరుకున్నాడని తెలిసింది. ఏటా మేము వెళ్ళి వారం రోజులు ఆ ముందు గదిలో ఉండి వస్తాం. వానాకాలం పడవలు ఆపేసినప్పుడు తాత్యా వచ్చి మా ఇంట్లో ఉంటాడు. అతను తెచ్చే ఎండుచేపల మూటకు మా వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది.

మొన్న పనిలో తలమునకలై ఉండగా బాపు ఫోన్ చేశాడు. "సముద్రంల గాలి దుమారమంటున్నరు. తాత్యాకు ఫోన్ చేసినవా?" విసుక్కున్నాను. తర్వాత చేశాను. ఒడ్డునే ఉన్నాడు, అన్నం తింటున్నాడు, మీరెప్పుడొస్తారని అడిగాడు. ఫోన్ పెట్టేశాక ఎందుకో ఆ గుమ్మం ముందు కూర్చున్న ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. దాని పక్కన కూర్చుని, ఏం పోలేదే, కాసేపు ఆ నీళ్ళు చూడు అని చెప్పాలనిపించింది. చెబితే వింటుందా? ముందు నా ఆధార్ కార్డు చూపించమంటుంది.