వంతెన మీద గాలి, హెల్మెట్‌లో మాట

ఫిబ్రవరి చివరి శనివారం ఉదయం ఏడున్నరకు ఖమ్మంలో బండి తీశాను. భద్రాచలం వెళ్లేవాళ్లు చాలామంది తల్లాడ దారి పడతారు. నేను ఇల్లెందు దారి పట్టాను. ఈ దారిలో రోడ్డు కాస్త సన్నం, అడవి ఎక్కువ. రూతుకు ఇష్టమైన దారి.

రూతు నా భార్య. మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. పుట్టిల్లు దుమ్ముగూడెం వైపు. ఆమె వెళ్లిన దగ్గర్నుంచి, ఆదివారాలు నా మోటార్ వైండింగ్ షాపు మూసి, బండి మీద తిరుగుతూ మాట్లాడుతూ వీడియోలు తీస్తున్నాను. చూసేవాళ్లు తక్కువే. ఆమె మాత్రం డ్యూటీ దిగాక హాస్టల్ మంచం మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా చూస్తుంది. చూశాక ఒకే మాట: "చెట్లు కనపడ్తున్నయ్, రోడ్డు కనపడ్తుంది. నువ్వే వినబడ్తలేవు. అంతా గాలే."

ఈసారి వినబడి తీరాలి. ఆమె ఒప్పందం ముగుస్తోంది. ఇంకో రెండేళ్లు ఉంటావా అని ఆసుపత్రివాళ్లు అడిగారట, సోమవారంలోగా చెప్పాలట. "ఏం చెయ్యమంటవ్, నువ్వు చెప్పు" అని ఫోన్లో అడిగింది. వెనకాల ఎవరో బకెట్ ఈడుస్తున్నారు, ఇంకెవరో ఆమెను పిలుస్తున్నారు. "నీ ఇష్టం" అన్నాను. నేను చెప్పాలనుకున్నది వచ్చెయ్ అని. ఆ మాట గోదావరి వంతెన మీద చెప్పి, రికార్డు చేసి పంపాలని బయల్దేరాను.

వంతెనే ఎందుకంటే, పెళ్లయిన కొత్తలో ఇదే దారిలో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లేవాణ్ణి. దారంతా ఊరుకుని, వంతెన ఎక్కగానే మాటలు మొదలుపెట్టేది. గాలికి ఒక్క ముక్కా నా చెవిన పడేది కాదు. నేను "ఆఁ" అనేవాణ్ణి. మరీ ముఖ్యమైనదైతే భుజం మీద రెండుసార్లు తట్టి, "బండి ఆపు, చెప్పాలె" అనేది. వంతెన దిగాక ఆపేవాణ్ణి.

నా తర్వాత ఇలాంటి ప్రయాణం చేయబోయేవాళ్లకు పనికొస్తుందని నా ఏర్పాటు చెబుతున్నాను. నేను ఇంటర్‌తో ఆగినవాణ్ణి. మిగిలిన చదువంతా ఖమ్మం గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర జరిగింది. ధ్వని గురించి అక్కడున్న భౌతికశాస్త్ర పుస్తకాలన్నీ చదివాను. మాట గాలిలో ఒత్తిడి తేడా. ఎదురుగాలి కూడా ఒత్తిడే. మైక్‌లోని పల్చటి పొరకు ఏది మాటో ఏది గాలో తెలియదు, రెండిటికీ అదురుతుంది. కాబట్టి గాలి దాన్ని తాకకూడదు. ముఖమంతా కప్పే హెల్మెట్ తీసుకుని, చొక్కాకు పెట్టుకునే చిన్న మైక్‌ను గడ్డం దగ్గరి మెత్తలో దోపాను. నోటికి ఎదురుగా పెడితే ఊపిరి కొడుతుంది, అందుకని పెదవి చివరకు జరిపాను. మైక్ మీద స్పాంజి తొడుగు, దాని మీద ఉన్నిగుడ్డ. తీగ జాకెట్ లోపలినుంచి జేబులోని ఫోన్‌కు వెళ్తుంది. గడ్డం కింది సందును గుడ్డతో మూయాలి, అద్దం దించాలి, వేగం యాభై దాటకూడదు.

దృశ్యం బండికి బిగించిన కెమెరాలో, మాట ఫోన్‌లో వేరువేరుగా వస్తాయి కాబట్టి, బయల్దేరే ముందు కెమెరా ఎదుట ఒక్క చప్పట్ల మోత చెయ్యాలి. తర్వాత ఆ మోత దగ్గర రెండూ కలుపుకోవచ్చు. తొమ్మిదికి ఇల్లెందులో టీ తాగి, హెల్మెట్ పెట్టుకుని చప్పట్లు కొట్టాను. హోటలాయన బయటికొచ్చాడు.

"ఏందన్నా, ఇంకో చాయా?"

"కాదు, రికార్డింగ్ కోసం."

"గట్ల చెప్పు. మా తాత జమానల దొరలు గిట్లనే పిలిచేటోళ్లట" అని నవ్వుతూ లోపలికి పోయాడు.

టేకులపల్లి దాటాక అడవి చిక్కబడింది. టేకు ఆకు రాల్చేసింది, మోదుగలు మాత్రం నిండా పూసి ఉన్నాయి. ఆగి వింటే అక్కడిదాకా నా మాట గదిలో కూర్చుని మాట్లాడినంత శుభ్రంగా ఉంది. సంతోషం పట్టలేక, బండి స్టాండు వేసి ఉండగానే ఇంకొంచెం మాట్లాడాను. రోడ్డు పక్కన విస్తళ్లు కుట్టే అడ్డాకు మోపులు దించుకుని ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. పెద్దామె అడిగింది.

"ఒక్కనివే ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"నా భార్యతో అమ్మా. మస్కట్‌లో ఉంది."

"అది యాడుంది?"

"సముద్రం అవతల."

"గంత దూరం వినబడ్తదా?"

"అదే చూస్తున్నా."

ఆమె పక్కామెతో తమ భాషలో ఏదో అంది. ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మరి జర గట్టిగ అరువు" అంది నాతో.

కొత్తగూడెం దాటి పన్నెండున్నరకు పాల్వంచలో భోజనం చేశాను. నూట ఇరవైకి చేపల పులుసు, పెరుగు, కావలసినంత అన్నం. హెల్మెట్ తీస్తే స్పాంజి చెమటకు తడిసిపోయి ఉంది. తీసి పిండి ఆరబెట్టుకున్నాను. అక్కడినుంచి వంతెన ఇవతలి సారపాక వరకు ఏమీ మాట్లాడలేదు. చెప్పాల్సిన మాటనే నోట్లో తిప్పుకుంటూ వెళ్లాను.

రెండు దాటాక వంతెన ఎక్కాను. నది మధ్యలో ఇసుక మేటలు, వాటి పక్కన నీలంగా సన్నటి పాయ. మెల్లగా పోదామనుకున్నాను కానీ వెనక లారీ హారన్ కొడుతూ తరుముతోంది. నది మీదుగా అడ్డగాలి. అప్పుడే చెప్పాను. రాసుకున్నట్టు రాలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని, రెండు గ్లాసుల టీ పెట్టే అలవాటు ఇంకా పోలేదని, డబ్బు సంగతి ఇద్దరం చూసుకుందామని, వచ్చెయ్యమని. వంతెన దిగేసరికి అద్దం లోపల ఆవిరి పట్టింది.

రాత్రి బసకు భద్రాచలంలో లాడ్జీలు దొరుకుతాయి. నేను రూతు తమ్ముడు దానియేలు ఇంట్లో దిగాను. ఆటో నడుపుతాడు. అరుగు మీద కూర్చుని ఇయర్‌ఫోన్లో వంతెన భాగం పెట్టాను. గాలి, లారీ హారన్, మళ్లీ గాలి. నా గొంతు ఎక్కడో అడుగున ఒక మూలుగులా ఉంది. ఒక్క మాటా తేలలేదు. చొక్కా జేబు తడుముకుంటే స్పాంజి చేతికి తగిలింది, పొడిగా, మెత్తగా. పాల్వంచలో ఆరబెట్టి జేబులో వేసుకున్నాను, తిరిగి తొడగలేదు.

దానియేలు ఒక ఇయర్‌ఫోన్ లాక్కుని విన్నాడు.

"ఖమ్మం నుంచి ఇంతదూరమొచ్చి గాలి రికార్డు చేసినవా బావా?"

"రేపు మళ్లీ చెప్తాలే."

"గిట్లనే పంపు. అక్కకు గాలి కూడ కావాలె. ఆడ ఏసీల ఉంటది."

మర్నాడు ఉదయం ఎనిమిదికి తిరుగు ప్రయాణం. స్పాంజి తొడిగాను, ఉన్నిగుడ్డ కట్టాను, చప్పట్ల మోత చేశాను. ఆదివారం కాబట్టి వంతెన మీద బండ్లు తక్కువ, గాలి కూడా లేదు. ఇంతకన్నా మంచి అదను దొరకదు. నోరు తెరిచాను. "నీళ్లు తగ్గినయ్ రూతూ" అన్నాను. ఇసుక గురించి చెప్పాను. కొంగల గురించి చెప్పాను. వంతెన అయిపోయింది. నిన్న తన్నుకుని వచ్చిన మాట ఇవాళ అప్పజెప్పుదామంటే గొంతు దాటలేదు.

కొత్తగూడెంలో ఇడ్లీ తిని, చేసేదేమీ లేక నిన్నటి గాలినే ఆమెకు పంపాను. అక్కడ రాత్రి డ్యూటీ దిగే వేళ. టేకులపల్లి రాకముందే ఫోన్ జేబులో అదిరింది. బండి పక్కకు తీసి, ఫోన్‌ను హెల్మెట్ సందులో చెవి దగ్గర దోపుకుని విన్నాను. ఆమె గొంతు, నిద్రమత్తులో.

"ఏదో అన్నవ్ వంతెన మీద. నాలుగుసార్లు విన్న. ఏం తెలుస్తలే. మధ్యల నేనే ఆఁ అన్న, నీ తీరుగ." చిన్న నవ్వు. "ఇగో. బండి ఆపి చెప్పు."

ఇంజను ఆపాను. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టాను. మైక్ తీగ దాని లోపలే వేలాడుతోంది. ఫోన్ ఒక్కటే నోటి దగ్గర పెట్టుకున్నాను. ఎండుటాకుల మీద ఏదో తొండ పరిగెత్తింది, అంతకు మించి చప్పుడు లేదు. "వచ్చెయ్ రూతూ" అన్నాను. "నీ ఇష్టం అన్నది అబద్ధం. నాకు నువ్వు ఇక్కడ కావాలె." పంపేశాను.

జవాబు రాలేదు. నిద్రపోయి ఉంటుంది. ఇల్లెందులో నిన్నటి హోటల్ దగ్గర ఆగితే ఆయన చప్పట్లు కొట్టకముందే చాయ తెచ్చాడు. "రికార్డయిందా అన్నా?" అన్నాడు. "అవ్" అన్నాను. అక్కడినుంచి ఖమ్మం దాకా మాట్లాడలేదు. ఆ దారంతా కెమెరాలో ఉంది, శబ్దం లేదు. చూస్తే మోదుగలు వెనక్కి పోతుంటాయి, అంతే.

ఈ దారి చూడదగ్గదే, ఫిబ్రవరి చివర అయితే మరీ. ఒక్క పూటలో చేరవచ్చు, ఐదువందల పెట్రోలు చాలు. నా మైక్ పద్ధతి పనిచేస్తుంది, స్పాంజి మర్చిపోకండి. కానీ మీ మాట కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరైనా ఉంటే, అది చెప్పడానికి బండి ఆపండి.

సాయంత్రం ఇంట్లో టీ పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది. గొంతు సందేశం, ఒకే ఒక్క సెకను. వినేముందు స్టవ్ ఆపేశాను.

"ఆఁ" అంది రూతు.

నాలాగా కాదు. విని అంది.