సరుగుడు తోపుకు పట్టిన పురుగు

ఈ మాట దాదాపు అరవై ఏళ్ళుగా నాలోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అరవైల మొదట్లో, బోగోలు వైపు సముద్రపొడ్డున ఉన్న సరుగుడు తోపుకు నేను కాపలాదారుణ్ణి. ఇసుక ఎగిరొచ్చి జాలరుల పల్లె మీద పడకుండా సర్కారు పెంచిన తోపు అది.

దక్షిణపు కొసన చెట్లకు పురుగు పట్టిందని మొదట చెప్పింది పోలమ్మ. ఆ పల్లె నుంచి వచ్చి రాలిన ఆకు పొయ్యిలోకి ఊడ్చుకుపోయే మనిషి. బొంతపురుగులున్న కొమ్మ తెచ్చి చూపించింది. రేంజరు గారికి రాస్తానన్నాను. రాయలేదు. రాస్తే, ఆ నెలంతా నేను అటువైపే వెళ్ళలేదని బయటపడేది. కోతల రోజులు. మా పొలంలో ఉండి, రోజూ తోపు తిరిగానని పుస్తకంలో రాసుకున్నాను. వాన పడితే పురుగు దానంతటదే పోతుందనుకున్నానా? అలా అనుకున్నాననే ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజం కాదు. భయపడ్డాను.

రేంజరు గారు తనిఖీకి వచ్చేసరికి పురుగులు మట్టిలోకి దిగిపోయాయి. బోడి కొమ్మలు మిగిలాయి. ఆకంతా ఎవరు దూశారని అడిగారు. పల్లె ఆడవాళ్ళు పొయ్యిలోకి దూసుకుపోతున్నారని చెప్పాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చింది?

పోలమ్మ అక్కడే ఉంది. కోపంగా కాదు, నేను మరిచిపోయింది గుర్తుచేస్తున్నట్టు అంది.

“పురుగుని నీకు చూపిచ్చినాను గదన్నా. సారుకు చెప్పు.”

“నాకేం చూపీలేదు సార్,” అన్నాను.

పల్లెవాళ్ళను తోపులోకి రానివ్వొద్దని ఉత్తరువు వచ్చింది. అమలు చేసింది నేనే. పురుగుకు మందు సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే పురుగే లేదని నేను చెప్పాను కదా. మరుసటి ఏడు అది మళ్ళీ వచ్చి కొత్త చిగురంతా తినేసింది. నీరసించిన చెట్ల మానుల్లోకి తొలిచే పురుగు దూరింది. ఆపై ఏటికి సగం తోపు నిలువునా ఎండిపోయింది. ఇసుక లేచి పోలమ్మ గుడిసెను సగం దాకా పూడ్చేసింది. ఆమె పిల్లల్ని తీసుకుని, కోట అనే ఊరి దగ్గరున్న చెల్లెలి పల్లెకు వెళ్ళిపోయింది. ఆమె మూటలు నేనే రోడ్డు దాకా మోశాను. ఆమె దణ్ణం పెట్టింది. అది మర్యాదా, ఇంకేమైనానా? ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆమెను వెతకలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు పోలమ్మ కారు. ఆకు దూసింది ఆ ఆడవాళ్ళు కాదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇంత కాలం పట్టింది. రాశాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.