ఆఖరి పేజీలో నక్షత్రం

ఆ రోజుల్లో పిల్లల పుస్తకంలోకి ఎక్కాలంటే మనిషి ముందు చచ్చిపోవాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోయేదంతే. మొదటి పేజీలో పుట్టడం, మధ్యలో కష్టాలు పడడం, ఆఖరి పేజీలో దీపం పక్కన ఫోటో అయిపోవడం. ఎనభైల మొదట్లో, ఇరవై దాటీ దాటని వయసులో, విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక చిన్న ప్రెస్సులో బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరిన నేను అలా ఎందరు మహానుభావుల్ని పైకి పంపించానో లెక్కలేదు. (పోర్టులో పనిచేసే మా నాన్నగారు "మా అమ్మాయి ఆర్టిస్టు" అని గోదావరి చుట్టాలందరికీ చెప్పుకునేవారు. అమ్మ మాత్రం "ఏ చిన్న మాట వచ్చినా మర్నాటి నుంచి ఇంట్లోనే" అని ముందే తేల్చేసింది.) సహజంగానే పిరికిదాన్ని. ఓనరు గారు దగ్గినా నా గురించే అనుకునేదాన్ని.

ఆ ఓనరు గారికి ఒకసారి ఆడ చిత్రకారుల మీద పిల్లలకి బొమ్మల పుస్తకాలు వెయ్యాలనే సరదా పుట్టింది. పరాయి దేశాలవాళ్ళు అయ్యాక, మన ఊరావిడ కూడా ఒకరు ఉండి తీరాలని పట్టుబట్టారు. అలా దొరికింది తెరల మామ్మ. నాటకాల్లో వెనకాల దించే అడవీ, దర్బారూ, రాజవీధీ ఈ చుట్టుపక్కలంతా ఆవిడ చేతివే. ఒక నాటక సమాజం వాళ్ళ హాల్లో, కాలం చేసిన నటుల వరసలోనే ఆవిడ ఫోటో కూడా కాగితప్పూల దండతో వేలాడుతోంది. ఆవిడ కథ నలుగురూ చెప్పుకునేదే పోగేశాం గానీ, దండ చూశాక ఆవిడ ఉందా లేదా అని అడగాలని మాకు తోచలేదు. అట్ట మీద ఆవిడ బొమ్మని ఆ దండతో సహా ముచ్చటపడి వేశాను. ఆఖరి పేజీలో ఒక దీపం, నేల మీద వాలిన కుంచె, పైన నల్లటి ఆకాశంలో ఒకే ఒక్క నక్షత్రం. "తెర మీద ఆఖరి రంగు వేసి, ఆమె కుంచె శాశ్వతంగా విశ్రమించింది" అనే వాక్యం కూడా నాదే. రాసి నేనే కళ్ళు తుడుచుకున్నాను.

పుస్తకాలు కుట్టి కట్టలు కట్టాక నాటక సమాజం కార్యదర్శి కరపత్రాల పని మీద ప్రెస్సుకి వచ్చి అట్ట చూశాడు. "మామ్మకేటి, కంచరపాలెంలో సుబ్బరంగా ఉంది. ఆ దండ సన్మానం నాడు ఏసినాం, తియ్యడం మర్సిపోనాం" అన్నాడు. ఓనరు గారు కుర్చీలో కూలబడిపోయారు. బొమ్మలు అచ్చు వేసే బ్లాకులు మద్రాసులో చేయించారు, మళ్ళీ చేయించే దారి లేదు. ఆ వారంలోనే ఒక బడిలో ఆవిష్కరణ. "నువ్వే వెళ్ళి ఆవిడకి పుస్తకం చూపించి, సభకి పిలిచి రా. ఆవిడ గొడవ పెట్టిందా, పుస్తకాలన్నీ తూకానికే. మన సంగతీ అంతే" అన్నారు. "మన" అన్నప్పుడు నా వైపే చూశారు. కార్యదర్శి వెళ్తూ వెళ్తూ "జాగర్తమ్మా, తడి తెరకి ఆనుకున్నాడని రాజు ఏసం కట్టినోడి మీద రంగు డబ్బా ఇసిరీసింది" అని ధైర్యం చెప్పాడు.

ఫోర్మన్ గారు నా మొహం చూసి జాలిపడి, మైదా జిగురుతో ఆఖరి రెండు పేజీలూ అంటించి ఇచ్చారు. బస్సులో ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కంచరపాలెం రైలు గేటు వేసి ఉంది. ఇనుప రాయి మోసే గూడ్సు ఒకటి ఎంతకీ తెగకుండా పోతోంది. ఆ బండి అలా సాయంత్రం దాకా పోతూనే ఉంటే బాగుండునని సింహాచలం అప్పన్నకి దండం పెట్టుకున్నాను. ఉద్యోగం భయం ఒకటైతే, బతికున్న మనిషికి ఆవిడ చావు చేతికివ్వడం ఇంకో భయం.

మామ్మ వరండాలో నేల మీద తెర పరుచుకుని, దాని మీదే కూర్చుని ఏనుగుకి దంతం వేస్తోంది. పక్కనే రంగు డబ్బాలు. (అన్నీ నిండుగా ఉన్నాయి, ముందు అదే చూశాను.) వచ్చిన పని చెప్పాను. అట్ట చూసి "సన్మానం దండ. బాగా ఏసినావు" అంది. ప్రాణం లేచొచ్చింది. "నాకు అచ్చరాలు రావు, నువ్వే సదువు" అంటూ పక్కన కూర్చోబెట్టుకుంది.

చదివాను. చిన్నప్పుడు బొగ్గుతో గోడల మీద గీసిందని చదివితే నవ్వింది. పెళ్ళయ్యాక తెరలకి రంగులెయ్యడానికి నిచ్చెన ఎక్కిందని ఊళ్ళోవాళ్ళు ఆడిపోసుకున్నారని చదివితే "ఇంకా నయం, శానా తగ్గించి రాసినావు" అంది. పేజీలు అయిపోతున్నకొద్దీ నా చదువు నెమ్మదించింది. "అంతే, అయిపోయింది మామ్మగారూ" అని పుస్తకం మూయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. అంటించిన పేజీని వేళ్ళ మధ్య రుద్ది చూసింది. జిగురు ఇంకా తడిగానే ఉంది. నెమ్మదిగా విప్పింది.

"ఇది సదువు."

"ఇప్పటికీ ఆమె కంచరపాలెంలో చల్లగా ఉండి, పిల్లలందరికీ..." అంటూ నోటికొచ్చింది చదవడం మొదలెట్టాను.

మామ్మ నా మొహం చూడలేదు, బొమ్మనే చూస్తోంది. "అచ్చరాలు రావన్నాను గానీ, బొమ్మలు రావన్నానేటి? దీపం ఎట్టినావు. కుంచె పడీసినావు. నాను సచ్చిపోనాను కదేటి?"

ఏడుపు ఆగలేదు. దండ సంగతి, బ్లాకుల సంగతి, అమ్మ పెట్టిన షరతు, అన్నీ కలిపి చెప్పేశాను. ఆవిడ చెయ్యి రంగు డబ్బా వైపు వెళ్ళింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఏమీ మీద పడలేదు. "ఎలాగ సచ్చిపోనానమ్మా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, నాకున్న భయంలాంటిదే ఏదో ఉంది. "మంచాన పడి ఎవులిసేతనైనా సాకిరీ సేయించుకున్నానా?"

"లేదండీ. తెర మీద ఆఖరి రంగు వేశాక అని రాశాను."

ఏనుగు వైపు ఒకసారి చూసింది. "అయితే మంచి సావే. కానీ ఇప్పుడు కాదు." కుంచె ముంచి, ఆ పేజీలో నేల మీంచి నక్షత్రం దాకా ఒక నిచ్చెన వేసింది. దాని మీద చీర దోపుకున్న ముసలావిడ, చేతిలో కుంచె. అడుగున నిచ్చెన ఆనడానికి నల్లటి నేల పరిచింది, నా వాక్యం దానికింద కనబడకుండా పోయింది. "నచ్చత్రాలు ఊరికే ఉంటాయేటి? ఎవులో ఒకలు ఎక్కి ఏస్తేనే. మిగతా పుస్తకాలు కూడా అట్టుకురా."

అన్నీ మోయించాను. నిచ్చెనలు నేను, మనుషుల్ని ఆవిడ. మొదట్లో నా నిచ్చెనలు వంకరగా వస్తే "ఇది ఎక్కితే నిజంగానే సస్తాను" అని తిట్టేది. సభకి పట్టుచీరలో వచ్చి, తన జీవిత చరిత్రని తనే ఆవిష్కరించింది. నా ఉద్యోగం నిలబడింది. ఆ తరవాత చాలా ఏళ్ళకి ఆవిడ వెళ్ళిపోయినప్పుడు నాటక సమాజం వాళ్ళు ఫోటోకి కొత్త దండ కొన్నారు. నేను చూడ్డానికి వెళ్ళలేకపోయాను.

మొన్న పిల్లల పుస్తకాలు వేసే అమ్మాయి ఒకతి ఫోన్ చేసి, నా మీద బొమ్మల పుస్తకం వేస్తామంది. "నేనింకా ఉన్నానమ్మా" అన్నాను ముందు. "తెలుసండీ" అని నవ్వింది. ఎక్కడ పుట్టారు, ఎప్పట్నించి బొమ్మలు వేస్తున్నారు అని అడుగుతుంటే నా మనసంతా ఆఖరి పేజీ మీదే. అందులో ఏం వేస్తావన్నాను. ఇంకా అనుకోలేదంది. మోకాళ్ళు నొక్కుకుంటూ, ఒక నిచ్చెన వెయ్యమ్మా, కాస్త తిన్నగా వెయ్యి, ఎక్కాల్సింది నేను అన్నాను.