ఎస్తేరమ్మ ఇచ్చిన మంచినీళ్ళు

మా ఊళ్ళో ఎస్తేరమ్మ కొట్టులో సిమెంటు కొనాలంటే ముందు మన ఇంటి నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళాలి. వాకాడు దాటి సముద్రం వైపు కొత్తగా ఇల్లు కట్టుకోవడానికి వచ్చినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. వచ్చీ రాగానే ఫలానా సంచులు బండిలో వెయ్యమంటారు. ఆమె కదలదు. కట్టేది గోడా, గచ్చా, స్నానాలగదా? ఇటుకా, బూడిద బ్లాకులా? సముద్రం ఎంత దూరం? పక్కన రొయ్యల గుంటలున్నాయా? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. చివర్న సీసాలోంచి ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూస్తుంది. కొందరికి ఒళ్ళు మండి కోట టౌనుకు పోయి కొనుక్కుంటారు. నాకూ మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు, ఆ ముక్క మాత్రం నిజమే.

ఎస్తేరమ్మ అరవై దాటిన మనిషి. వయసులో ఉండగా ఇళ్ళు కట్టే బేల్దారి పనుల్లో తట్టలు మోసింది. ఆ రోజుల్లోనే కాలనీలో తనకంటూ ఒక ఇల్లు కట్టుకుంది. ఉప్పుటేటి ఇసక, బోరు నీళ్ళు. ఖర్చు లేకుండా దొరికేవి అవే. కొన్నేళ్ళకే గోడల నిండా తెల్లగా ఉప్పు పూసి, చేయి పెడితే పొడి రాలేది. కట్టిన చేతులతోనే ఆ ఇంటిని కూలదోసుకుంది. భర్త పోయాక కొడుకు బెన్హర్‌తో కలిసి ఈ కొట్టు పెట్టింది. సంచులన్నీ చెక్కల మీద, గోడకు తగలకుండా పేర్చి ఉంటాయి. గోడలకైతే ఇసక కూడా కలిపే వచ్చే ప్లాస్టరు సంచి ఇస్తుంది, మన ఇసకతో పని లేకుండా. బ్లాకులకు వేరే గమ్ము, టైల్సుకు వేరే గమ్ము. అన్నిటికీ ఒకటే సంచి చాలదా అని ఎవరన్నా అడిగితే, జ్వరానికీ విరిగిన కాలికీ ఒకటే మాత్ర ఇచ్చే డాక్టరు దగ్గరికి పోతావా అని ఎదురు అడుగుతుంది.

నేను ఆమె దగ్గరికి పోయింది మా ఆయన చంద్రమౌళి కోసం. ఆయన ఆటో తోలేవాడు. కిందటి వేసవిలో ఆటో తిరగబడి తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక నెలల తరబడి మంచానికే అంటుకుపోయాడు. మాకున్నది ఒక్కటే శ్లాబు గది, ముందు తాటాకు పంచ. ఆ గది పైకప్పు ఎప్పట్నుంచో పెచ్చులు ఊడుతోంది. ఒకనాడు అరచేతిలో పట్టనంత పెచ్చు ఊడి ఆయన దిండు పక్కన పడింది. ఆయన నవ్వి, తల మీద పడుంటే ఆపరేషన్ ఖర్చంతా వృథా అయ్యేదన్నాడు. నాకు నవ్వు రాలేదు. కార్తీకం వానలు దగ్గర పడుతున్నాయి. పంచలోకి మార్చితే తడుస్తాడు, గదిలో ఉంచితే ఎప్పుడేం మీద పడుతుందో తెలియదు.

ఒక ప్లాస్టరు సంచి తెచ్చి పైన పూయించేద్దామనుకున్నాను. ఎస్తేరమ్మ సంచి ఇవ్వకుండా కొట్టు మూసి మా ఇంటికి వచ్చింది. పొడుగు కర్రతో పైకప్పంతా తట్టి, డొల్ల మోగిన చోటల్లా బొగ్గుతో గీతలు గీసింది. లోపలి కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బాయని చూపించింది. కంచే చేను మేసినట్టు, శ్లాబును మోయాల్సిన ఇనుమే దాన్ని పగలగొడుతోంది.

"పుండు కడక్కుండా కట్టు కడతారా, స్వర్ణా?" అంది. "పైన పూస్తే నాలుగు నెలలు ఉంటాది. ఆనక పూత్తో సహా ఆయన మీదే పడతాది."

ఆమె చెప్పినట్టే చేశాం. ఆయన మంచాన్ని పంచలోకి మార్చి, శ్లాబుకు పోటు కర్రలు పెట్టి, బేల్దారి మస్తానయ్య డొల్లంతా కొట్టేశాడు. తీగ బ్రష్షుతో తుప్పు గీకి, కడ్డీలకు పూత వేసి, శ్లాబు రిపేర్లకని ప్రత్యేకంగా వచ్చే సంచిని మంచినీళ్ళతో కలిపి పట్టించాడు. ట్యాంకరు వచ్చినప్పుడు డ్రమ్ముకు పట్టుకున్న నీళ్ళు ఆ పనికి సరిపోయాయి. ఇక వారం రోజులు ఆరిపోకుండా తడుపుతూ ఉంటే చాలు, గది మాదే.

మర్నాడు ట్యాంకరు రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ట్యాంకరు నింపే మంచినీళ్ళ స్కీము మోటారు కాలిపోయింది, బాగవడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. క్యాన్ల ప్లాంటుకు కూడా నీళ్ళు ఆ స్కీము నుంచే రావాలి, అదీ మూతపడింది. ఊళ్ళో ఎవరింట్లోనైనా ఉన్నది తాగడానికి పట్టుకున్న బిందె. అది అడగడానికి నాకు నోరు రాలేదు. బయట ఎండ, గాలి. పట్టించింది పట్టించినట్టే తెల్లబడిపోతోంది. మస్తానయ్య మా బోరు వైపు చూశాడు. తడపడానికేగా, కలపడానికి కాదుగా, ఈ నాలుగు రోజులకే కొంపలు మునగవన్నాడు. రొయ్యల గుంటలు వచ్చాక మా బోరు నీళ్ళు ఉడికించి ఉప్పు తీసి అమ్ముకోవచ్చు. అయినా నేను బకెట్టు తీసుకుని బోరు దగ్గరికి నడిచాను.

అప్పుడే వచ్చింది ఎస్తేరమ్మ. "తడపడానికైతే మాత్రం? తాగేది సిమెంటే గదా మే," అంది. "అది తాగిన ఉప్పు కమ్మీ కాడికి పోకుండా ఉంటాదా?"

మరి నీళ్ళెక్కడివని అరిచాను. ఆమె మీద అరవాల్సిన పని లేదు, కానీ అరిచాను. ఆమె నా చేతిలో బకెట్టు తీసి పక్కన పెట్టి, చర్చి వెనక తొట్టి నిండుగా ఉందంది.

అది బాప్తిస్మపు తొట్టి. మోటారు కాలకముందే ఒక ట్యాంకరు దాంట్లో పోయించారు. ఆదివారం అందులో మునిగి బాప్తిస్మం తీసుకోవాల్సింది బెన్హరే. ముప్పై దాటిన ఆ కొడుకు కోసం ఆమె ఏళ్ళ తరబడి మోకరించింది. తేదీ పెట్టినప్పుడల్లా అతను ఏదో ఒక సాకుతో తప్పించుకున్నాడు. ఈసారి తనంతట తానే ఒప్పుకున్నాడు. తొట్టి ఖాళీ చేస్తే అతనికి మళ్ళీ సాకు దొరికినట్టే. ఇది ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. వద్దక్కా అన్నాను. ఆమె వినలేదు.

ఆమె పోయి అడిగితే పాస్టరు సమాధానంగారు, తొట్టి సంఘానిదే కానీ ఆ ఆదివారం బెన్హర్‌ది, అతన్నే అడగమన్నారట. ఆమె అడిగింది. అతను వినీ వినగానే లేచాడు. ట్రాలీ ఆటో తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ చేజారిపోయాడని కొట్టులో కూలబడిపోయానని ఆమె తర్వాత నాతో చెప్పింది. కాసేపటికి మా గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. దాని నిండా నీలం డ్రమ్ములు, అంచుల దాకా మంచినీళ్ళు. బెన్హర్ పైపు పట్టుకుని తనే శ్లాబంతా తడిపి, మిగిలిన డ్రమ్ములు మా గుమ్మంలో దించాడు. ఎండిన శ్లాబు తడిసి నల్లబడుతుంటే చూస్తూ నేను తలుపు పట్టుకుని ఏడ్చాను. పంచలోంచి మా ఆయన చేతులు జోడించాడు.

ఆదివారం పొద్దున కూడా ట్యాంకరు రాలేదు. నేను చర్చి గేటు దగ్గర నిలబడ్డాను. నా వల్ల జరిగిన పని కదా, ఇంట్లో కూర్చోలేకపోయాను. పాస్టరుగారు వచ్చే నెలకు వాయిదా వేద్దామన్నారు. ఎస్తేరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా వైపు చూడలేదు, నేను బాధపడతానని కాబోలు. బెన్హర్ తెల్లచొక్కాతో ఒక పక్కన నిలబడి ఉన్నాడు. మెల్లగా చెప్పులు విడిచాడు.

"సముద్రం ఉండాది గదా అయ్యగారూ. పోదాం పాండి," అన్నాడు.

ఎవరో ఉప్పు నీళ్ళని నవ్వారు. బెన్హర్ తల్లి వైపు తిరిగాడు. "మాయమ్మకు ఉప్పుతో పేచీ అంతా ఇనుము కాడే. మనిషికేం గాదు."

అందరం పాటలు పాడుకుంటూ సముద్రానికి నడిచాం. వాళ్ళ పాటలు నాకు రావు, చప్పట్లు కొట్టాను. పాస్టరుగారు చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ముంచి లేపగానే ఒక అల ఇద్దర్నీ మళ్ళీ ముంచింది. ఎస్తేరమ్మ ఆగలేకపోయింది. చీర మోకాళ్ళ దాకా తడుస్తున్నా నీళ్ళలోకి దిగి, కొడుకు తలను రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె అంతగా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఒడ్డుకు వచ్చాక నేను వంగి ఆమె తడి కాళ్ళు పట్టుకున్నాను. మా అమ్మ తర్వాత ఇంకొకరి కాళ్ళు పట్టుకోవడం అదే మొదటిసారి. నీ రుణం తీర్చుకోలేనక్కా అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆకాశం వైపు చూసి, నన్ను భుజం పట్టి లేపింది.

"ఎండెక్కతా ఉండాది. ఇంకా ఈడే ఉండావా? పోయి శ్లాబు తడుపు, పో."

ఏడుస్తూ, నవ్వుతూ ఇంటికి పరిగెత్తాను.