తాతయ్య తుమ్మిన టాకీ

మొన్న ఆదివారం మా అబ్బాయి ఫోనులో ఒక పాత టాకీ దొరికింది. పెద్ద సినిమాకు ముందు వేసే హాస్యం ముక్క. పాటలెక్కువ, కథ తక్కువ. మా తాతయ్య జన్మంతా "అందులో నేనున్నాను" అని చెప్పుకున్న బొమ్మ అదే. అవతల వసారాలో ఆయన కూతురు, మా మేనత్త, ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను గబుక్కున ఫోను చప్పుడు తగ్గించాను.

తాతయ్యది పర్చూరు దగ్గర సేద్యం, హార్మోనియం పిచ్చి. ఆ రోజుల్లో పాట ముందే రికార్డు చేసుకునే వీల్లేదు. నటులు పాడుతూనే నటించాలి, వాయించేవాళ్ళు కెమెరాకు కనపడకుండా నక్కి వాయించాలి. ఈయన్ని పట్టెమంచం కింద దూర్చారట. కల్లంలో మిరపకాయలు ఎత్తిన తువ్వాలే భుజాన వేసుకుని మద్రాసు వెళ్ళిన మహానుభావుడు, పాట రసపట్టులో ఉండగా దాంతోనే ముఖం తుడుచుకుని తుమ్మాడట. ఫిల్ము ఖరీదని అలాగే ఉంచేశారట. ఈ 'అట'లన్నీ ఆయనవే. బొమ్మ వచ్చాక బళ్ళు కట్టించి ఊళ్ళోవాళ్ళను గుంటూరు తీసుకెళ్ళాడు. తెర మీద మనిషి లేడు, తుమ్మేమో ఈలల్లో కొట్టుకుపోయింది. "ఏరా మంచం కింద హీరో" అని ఊరు ఆయన్ని పోయేదాకా పిలిచింది. ఆయన నవ్వేసేవాడు. బడిలో 'కోతలరాయుడి కూతురు' అనిపించుకున్న అత్తయ్య మాత్రం కొట్లాడి వచ్చేది. ఆయన మాట నమ్మింది ఆమె ఒక్కతే. తీరా ఇప్పుడు తుమ్ము లేకపోతే ఈ వయసులో ఆమె ఏమైపోతుందని నా భయం.

అత్తయ్యవి పాము చెవులు. "దాస్తావేంట్రా, ఇటు పట్రా" అంది.

మంచం మీద కూర్చున్న నాయిక మొగుణ్ణి దెప్పుతూ పాడుతోంది. రెండో చరణంలో హార్మోనియం తడబడింది. మంచం కింద ఎవరో ఊపిరి ఎగబీల్చి, ఎగబీల్చి, ఇల్లెగిరిపోయేట్టు తుమ్మారు. పాడే ఆవిడ ఉలిక్కిపడి కిందికి చూసి, మళ్ళీ పాటందుకుంది. ఆ తుమ్ము నేనెరుగుదును. నా చిన్నప్పుడు దాని దెబ్బకు గోడ మీది కోళ్ళు దిగి పరిగెత్తేవి.

"మా నాన్నేరా" అంది అత్తయ్య. నవ్వుతూనే ఏడ్చింది. కారపు చెయ్యి కంటికి తగలకుండా మోచేత్తో తుడుచుకుని, ఫోను వైపు చూసి మెల్లగా "చిరంజీవ" అంది. చిన్నవాళ్ళు తుమ్మితే పెద్దవాళ్ళు అనే మాట అది. తండ్రిని అలా దీవిస్తారా అనబోయి ఆగాను. మంచం కింద ఉన్నవాడికి ఇరవయ్యేళ్ళు, అత్తయ్యకు ఎనభై దాటాయి. ఇద్దరిలో పెద్దెవరో కాలం ఎప్పుడో తేల్చేసింది.